కుడివైపు తిరగని బండి: ఒక ఆఫ్‌రోడ్ శిక్షణ కేసు

ముందు చూసింది బండినే. అతను హెల్మెట్ తీసి పలకరించేలోపే సగం సంగతి తెలిసిపోయింది. కుడి హ్యాండ్‌గార్డ్ అంతా గీతలు. ఫ్రంట్ బ్రేక్ లివర్ కొస వంగింది. కుడి ఫుట్‌రెస్ట్ అంచు అరిగి మెరుస్తోంది. వెనక బ్రేక్ పెడల్ లోపలికి నొక్కుకుపోయింది. ఎడమవైపు మాత్రం నిన్ననే షోరూమ్ నుంచి తెచ్చినట్టు శుభ్రంగా ఉంది.

"అన్నా, ఎడమవైపు ఎన్ని రౌండ్లయినా తిరుగుతా. కుడివైపు అనేసరికి బండి నా మాట వినదు," అన్నాడు.

నేను హైదరాబాద్ శివార్లలో ఆఫ్‌రోడ్ రైడింగ్ నేర్పుతాను. ఈ మాట నాకు కొత్త కాదు. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో చాలామందికి కుడి మలుపే కష్టం, కొందరికి ఎడమ. మామూలుగా అయితే నాలుగైదు క్లాసుల్లో సర్దుకుంటుంది. ఇతనికి సర్దుకోలేదు. ఎందుకు సర్దుకోలేదో కనిపెట్టడానికి నాకు నెల దగ్గర దగ్గర పట్టింది, ఆ నెలలో నేను చేసిన పొరపాటూ ఉంది. అతని అనుమతి తీసుకుని, పేరు లేకుండా రాస్తున్నాను.

వయసు 29. సొంతూరు కరీంనగర్ దగ్గర, ఉద్యోగం హైదరాబాద్‌లో. బండి హీరో కంపెనీ ఎక్స్‌పల్స్ 200 4వీ. ముందు 21 అంగుళాల చక్రం, వెనక 18, బరువు 158 కిలోల చుట్టుపక్కల. అంటే మట్టిలో నేర్చుకోవడానికి మన దగ్గర దొరికే బళ్ళలో మంచిదే. ఏడాదిన్నరగా నడుపుతున్నాడు, ఎక్కువగా తారు రోడ్ల మీద. వచ్చే వేసవిలో హిమాచల్ కొండల్లోని స్పితి వెళ్ళాలని కోరిక. అడవి దారుల్లో మూడుసార్లు పడ్డాడు. మూడుసార్లూ కుడి మలుపులోనే.

మొదటి రోజు

మేం ప్రాక్టీస్ చేసేది ఎండిపోయిన చెరువులో. నడిమధ్య నల్లమట్టి పగుళ్ళిచ్చి గట్టిగా ఉంటుంది, గట్టు వైపు మొరం, సన్న గులకరాళ్ళు. మొరం మీద 5 మీటర్ల వ్యాసార్థంతో కోన్లు పెట్టి వలయం చేశాను. కూర్చుని, మలుపు వైపు కాలు ముందుకి చాచి, ఒక్కో వైపు పది రౌండ్లు. కాలు నేలకి తగిలిన ప్రతిసారీ లెక్క రాసుకుంటాను. ఇంతకన్నా పెద్ద పరికరాలేమీ నా దగ్గర లేవు.

ఎడమవైపు పది రౌండ్లలో ఒక్కసారి కూడా కాలు ఆనలేదు. చూడముచ్చటగా తిరిగాడు. కుడివైపు తొమ్మిదిసార్లు కాలు ఆనింది, రెండుసార్లు బండి ఆగిపోయింది, ఒకసారి పడ్డాడు.

పడ్డ బండిని లేపుతూ అతను ఇంకో మాటన్నాడు. "విచిత్రం ఏంటంటే అన్నా, రోజూ ఆఫీసుకి వెళ్ళేటప్పుడు మూడు యూటర్న్‌లు కొడతా. అన్నీ కుడివైపే కదా. అక్కడ ఏ ఇబ్బందీ లేదు."

ఆ మాట నోట్‌బుక్‌లో రాసుకున్నాను కానీ దాని గురించి ఆలోచించలేదు. జవాబు ఆ రోజే నా చేతికొచ్చింది, నేను పట్టించుకోలేదు.

నా మొదటి అంచనా

మోటార్‌సైకిల్ చూడ్డానికి రెండువైపులా ఒకేలా ఉంటుంది. నడిపేవాడికి మాత్రం అది ఒంటిపక్క యంత్రం. కుడిచేతికి థ్రాటిల్, ఫ్రంట్ బ్రేక్. ఎడమచేతికి క్లచ్. కుడికాలికి వెనక బ్రేక్, ఎడమకాలికి గేర్లు. తారు మీద రెండు కాళ్ళూ ఫుట్‌రెస్ట్‌ల మీదే ఉంటాయి కాబట్టి ఈ తేడా పెద్దగా తెలియదు. మట్టిలో నెమ్మదిగా తిరిగేటప్పుడు లోపలి కాలు తీసి ముందుకి చాస్తాం. ఎడమ మలుపులో తీసేది ఎడమకాలు, వెనక బ్రేక్ కుడికాలి కింద భద్రంగానే ఉంటుంది. కుడి మలుపులో తీసేది కుడికాలు, దాంతో వెనక బ్రేక్ పోయినట్టే. మొరం మీద వలయం తిరిగేటప్పుడు వేగం అదుపులో పెట్టేది ఆ బ్రేకే. ఫ్రంట్ బ్రేక్ కాస్త గట్టిగా పట్టామా, హ్యాండిల్ తిరిగి ఉన్న ముందు చక్రం సర్రున జారుతుంది.

పాత బుల్లెట్ బళ్ళకి గేరు కుడివైపు, వెనక బ్రేక్ ఎడమవైపు ఉండేవి. ఒకసారి అలాంటి బండి మీద ఇవే వలయాలు తిరిగి చూశాను. కుడికాలు చాచినా బ్రేక్ ఎడమకాలి కింద ఉంది, ఎడమ మలుపులో లేదు. లెక్కంతా తలకిందులైంది. అందుకే కుడి మలుపు కష్టం అన్నవాళ్ళకి ముందు వెనక బ్రేక్ లేకుండా వేగం ఎలా తగ్గించుకోవాలో నేర్పడం నాకు అలవాటు. మలుపులోకి రాకముందే బ్రేక్ పని పూర్తి చేయడం, కాలు ఆలస్యంగా తీసి తొందరగా వెనక్కి పెట్టడం, మిగతాది క్లచ్‌తో సర్దుకోవడం.

రెండు శనాదివారాలు ఇదే చేశాం. బండిని కూడా వదల్లేదు. పడ్డప్పుడు ఫ్రంట్ ఫోర్క్, అంటే ముందు చక్రాన్ని పట్టి ఉంచే జంట గొట్టాలు, వాటి క్లాంపుల్లో మెలి తిరిగి ఉంటే బండి ఒక పక్కకే లాగుతుంది, కాబట్టి క్లాంప్ బోల్టులు వదులు చేసి, సరిచేసి మళ్ళీ బిగించాం. వంగిన బ్రేక్ పెడల్‌ని తిన్నగా చేసి బూటుకి అందేలా కాస్త కిందికి దించాం. తర్వాత బళ్ళు మార్చుకున్నాం. అతని బండి మీద నాకు రెండువైపులా తేడా తెలియలేదు. నా బండి మీద అతనికి కుడివైపు అదే కష్టం. దీంతో తప్పు బండిది కాదని తేలింది.

కాలు ఆనే లెక్క తొమ్మిది కాస్తా ఆరు అయింది, అక్కడే ఆగిపోయింది. మూడో వారం కూడా ఆరే. నాకే టెన్షన్ మొదలైంది. అతను మరీ నిరుత్సాహపడి, "నాది కుడిచేతివాటం కదా అన్నా, పుట్టుకతోనే ఇలాగేనేమో" అన్నాడు.

ఈ నమ్మకం రైడర్లలో బాగా ఉంది, కాబట్టి అతనికి చెప్పిందే ఇక్కడా చెబుతాను. 2009లో యాన్ సౌమన్ అనే పరిశోధకుడి బృందం మనుషుల్ని జర్మనీలో ఒక అడవిలో, ట్యునీషియాలో సహారా ఎడారిలో తిన్నగా నడవమని వదిలి చూసింది. సూర్యుడు కనిపించనప్పుడు జనం తమకి తెలియకుండానే గుండ్రంగా తిరిగారు. కానీ చాలామంది ఒకే వైపుకి తిరగలేదు. అదే మనిషి ఒకసారి ఎడమకి, ఇంకోసారి కుడికి పోయాడు. పుట్టుకతో అందరికీ ఒక 'మంచి వైపు' ఉంటే అలా జరగదు. అలవాటు మాత్రం వైపుని తయారుచేస్తుంది. స్పీడ్‌వే రేసుల్లో బళ్ళకి బ్రేకులుండవు, మట్టి ట్రాక్ మీద గడియారానికి ఎదురుదిశలో, అంటే ఎప్పుడూ ఎడమకే తిరుగుతారు, ఎడమ బూటుకి ఉక్కు తొడుగు వేసుకుని. మట్టి మీదే జరిగే ఫ్లాట్ ట్రాక్ రేసుల్లో కూడా దాదాపు ఎప్పుడూ ఎడమకే. ఆ ఫ్లాట్ ట్రాక్ మట్టిలో సాధన చేసే బైక్ రేసర్ మార్క్ మార్కెజ్‌ని చూడండి. జర్మనీలోని సాక్సెన్‌రింగ్ సర్క్యూట్‌లో 13 మలుపులుంటే 10 ఎడమవే. అక్కడ ప్రపంచ స్థాయి బైక్ రేసులైన మోటోజీపీలో 2013 నుంచి 2019 దాకా ఏటా అతనే గెలిచాడు. 2020లో అక్కడ రేసు జరగలేదు. ఆ ఏడాది జూలైలో మోచేతికి పైన కుడిచేతి ఎముక విరిగి, ఆపరేషన్ల మీద ఆపరేషన్లు అయి, 2021లో తిరిగొచ్చాక మొదట గెలిచింది కూడా అక్కడే. చేయి పూర్తిగా కోలుకోకపోయినా ఎడమ మలుపులు అతన్ని ఆదుకున్నాయి.

మార్కెజ్ చేయి గురించి చెబుతున్నప్పుడే నాకు తట్టింది. ఈ అబ్బాయి ఒంటిని నేను ఒక్కసారి కూడా పరీక్షగా చూడలేదు. బండినీ బ్రేకునీ మాత్రమే చూస్తున్నాను.

వీడియోలో కనిపించింది

మర్నాడు ఫోన్‌ని రెండు ఇటుకల మధ్య నేలకి ఆనించి, స్లో మోషన్‌లో, ముందునుంచీ వెనకనుంచీ తీశాను. రాత్రి రెండు వైపుల వీడియోలూ పక్కపక్కన పెట్టి, ఆపి ఆపి చూశాను.

ఎడమ మలుపులో పుస్తకంలో బొమ్మలా ఉన్నాడు. బండి ఎడమకి వాలింది, తను నిటారుగా ఉన్నాడు. సీటు మీద కుడి అంచుకి జరిగాడు. కుడి మోకాలు ట్యాంకుని నొక్కి ఉంది, కుడి మోచేయి పైకి లేచి ఉంది, ఒంటి బరువంతా కుడి ఫుట్‌రెస్ట్ మీద.

కుడి మలుపులో సీటు మధ్యలోంచి కదల్లేదు. ఎడమ మోకాలికీ ట్యాంకుకీ మధ్య జానెడు ఖాళీ. ఎడమ పాదం ఫుట్‌రెస్ట్ మీద మోపినట్టు లేదు, ఊరికే ఆనించినట్టుంది. మరి బరువు ఎక్కడికి పోతోంది? ఇంకో పది ఫ్రేములు ముందుకి జరిపాను. బండి వాలేకొద్దీ కుడి భుజం కిందికి దిగుతోంది, కుడి మోచెయ్యి డొక్కలకి అతుక్కుంటోంది, అరచెయ్యి గ్రిప్‌ని ముందుకి తోస్తోంది. బరువంతా కుడిచేతి మీద. ఆ తర్వాతి ఫ్రేములో మణికట్టు ముందుకి వాలి థ్రాటిల్ మూసుకుపోయింది. చక్రానికి లాగే బలం పోయింది, బండి లోపలికి కూలబడింది, కాలు నేలకి వచ్చేసింది. ఆరుసార్లలో అయిదుసార్లు ఇదే వరస.

ఇక్కడ కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే కేసు మొత్తానికి ఇదే కీలకం. 5 మీటర్ల వ్యాసార్థంలో గంటకు 15 కిలోమీటర్ల వేగంతో తిరగాలంటే బండి, మనిషి కలిపి 20 డిగ్రీల దాకా వాలాలి. తారు మీద అయితే ఇద్దరూ కలిసే వాలతారు, టైరు పట్టు నమ్మకంగా ఉంటుంది. మొరం మీద ఆ నమ్మకం లేదు. అందుకని మనిషి నిటారుగా ఉండి బండిని తన కింద వాలుస్తాడు. మనిషి తక్కువ వాలితే లెక్క సరిపోవడానికి బండి ఇంకా ఎక్కువ వాలాలి, టైరు పక్క గుబ్బలు మట్టిలో దిగాలి. అప్పుడు చక్రం జారినా మనిషి దాని పైనే ఉంటాడు, దిద్దుకోగలడు. ఇదంతా జరగాలంటే ఒంటిని మోసేది ఒక్కటే, బయటి కాలు. కుడి మలుపులో బయటి కాలు అంటే ఎడమకాలు.

యూటర్న్ మాట ఇప్పుడు గుర్తొచ్చింది. తారు రోడ్డు మీద అతను బండితో పాటు వాలిపోతున్నాడు. అక్కడ బయటి కాలికి పనే లేదు, కాబట్టి ఇబ్బందీ లేదు. నెల రోజులుగా నేను కుడికాలి గురించి ఆలోచిస్తున్నాను. చూడాల్సింది ఎడమకాలు.

రెండు చేతుల తేడా కూడా దీనికి తోడైంది. ఎడమ మలుపులో బరువు కాస్త చేతి మీద పడినా అది క్లచ్ చెయ్యి. మణికట్టు తిప్పే పని దానికి లేదు కాబట్టి బండి వేగం చెడదు. కుడి మలుపులో పడేది థ్రాటిల్ చేతి మీద. పైగా కుడి హ్యాండిల్‌ని ముందుకి తోస్తే బండి కుడికే ఇంకా వాలుతుంది. ఒళ్ళు ఆపుకోవడానికి అతను చేస్తున్న పనే అతన్ని పడేస్తోంది.

మోకాలు

తర్వాతి క్లాసులో బండి స్టార్ట్ చేయనివ్వలేదు. ఇద్దరం రెండువైపులా బండిని నిటారుగా పట్టుకున్నాం. అతను ఒక్క కాలితో ఫుట్‌రెస్ట్ మీద నిలబడాలి, రెండో కాలు గాల్లో, మోకాలు కొద్దిగా వంచి, చేతివేళ్ళు హ్యాండిల్‌కి తగిలీ తగలనట్టు. కుడికాలు మీద అర నిమిషం కదలకుండా నిలబడ్డాడు. ఎడమకాలికి మార్చాడు. ఏడు సెకన్లకి మోకాలు లోపలికి వాలి వణికింది. హ్యాండిల్‌ని గట్టిగా పట్టేసుకున్నాడు.

"ఈ మోకాలికి ఎప్పుడైనా ఏమైనా అయిందా?"

కాసేపు మాట్లాడలేదు. "కాలేజీలో కబడ్డీ ఆడుతుంటే మెలిపడింది అన్నా. లోపల ఏసీఎల్ అనే లిగమెంట్ తెగిందన్నారు, ఆపరేషన్ చేశారు. అది ఎప్పుడో తగ్గిపోయింది. నడవడానికి, మెట్లెక్కడానికి ఏమీ లేదు కదా, అందుకే చెప్పలేదు."

టేపు తీసి మోకాలిచిప్పకి జానెడు పైన రెండు తొడలూ కొలిచాను. ఎడమది రెండు సెంటీమీటర్లు తక్కువ. ఏసీఎల్ ఆపరేషన్ తర్వాత తొడ ముందు కండ తగ్గడం, పనిగట్టుకుని పెంచకపోతే ఏళ్ళ తరబడి అలాగే ఉండిపోవడం ఎముకల డాక్టర్లకి, ఫిజియోలకి బాగా తెలిసిన విషయమే. అతని ఫిజియోథెరపీ మాత్రం మామూలుగా నడక వచ్చేసరికి ఆగిపోయింది. కబడ్డీ మానేశాడు, ఆ కాలికి మళ్ళీ గట్టి పని పడలేదు. పడినప్పుడల్లా తనకి తెలియకుండానే దాన్ని తప్పిస్తున్నాడు. ఆ కాలిని కాచుకుంటూ, ఆ బరువు ఎక్కడో ఒకచోట దించాలి కాబట్టి చేతి మీద దించుతున్నాడు.

ఆ రోజు క్లాసు అక్కడితో ఆపేశాను. నేను డాక్టర్‌ని కాను. ఫిజియోథెరపిస్ట్‌కి చూపించి, మోకాలు గట్టిగా ఉందని, బరువు మోయొచ్చని చెప్పాకే మళ్ళీ రమ్మన్నాను. ఈ మాట చెప్పడానికి ఇబ్బందిగానే ఉంటుంది, డబ్బు కట్టి వచ్చిన మనిషిని వెనక్కి పంపడం కదా. కానీ ఆ కాలిని అలాగే ఉంచి కుడి వలయాలు ఇంకో వంద తిప్పించి ఉంటే నేను అతని మోకాలితో ఆడుకున్నట్టే.

మళ్ళీ వచ్చాక

పది రోజుల తర్వాత వచ్చాడు. లిగమెంట్ గట్టిగానే ఉంది, కండే బలహీనం అన్నారట. ఒంటికాలి స్క్వాట్లు, మెట్టు మీంచి నెమ్మదిగా కిందికి దిగడం లాంటివి వారానికి మూడు రోజులు ఇచ్చారు. ఆ పక్క వాళ్ళది, బండి పక్క నాది.

ముందు వలయాలు మానేశాం. తిన్నటి దారిలో రెండో గేరులో నెమ్మదిగా పోతూ ఎడమకాలి ఒక్కదాని మీద నిలబడటం, కుడికాలు గాల్లో. అది కుదిరాక, అదే భంగిమలో నెమ్మదిగా కుడికి వంపు తిరగడం. వలయం కాదు, పాతిక మీటర్ల పెద్ద వంపు. ఎడమ మోకాలికీ ట్యాంకుకీ మధ్య పాత గ్లవ్ ఒకటి పెట్టాను, మలుపంతా అది కింద పడకూడదు. మొదటి రోజు ప్రతి మలుపులోనూ పడింది. నాకు ఈ గ్లవ్ మీద ఇప్పటికీ ప్రేమ. నేను వెయ్యిసార్లు "మోకాలు, మోకాలు" అని అరవక్కర్లేదు, అదే చెబుతుంది.

థ్రాటిల్ పట్టు కూడా మార్చాం. గ్రిప్‌ని కర్రలా అరచేత్తో గుప్పిట పడితే, మోచెయ్యి దిగినప్పుడల్లా మణికట్టు దాన్ని తిప్పేస్తుంది. గుండ్రటి తలుపు పిడి తిప్పేటట్టు కొంచెం పక్కనుంచి పట్టుకుంటే మోచెయ్యి దానంతటదే పైకి లేస్తుంది, హ్యాండిల్ పూర్తిగా కుడికి తిరిగి చెయ్యి పొట్ట దగ్గరికి వచ్చినా మణికట్టుకి చోటుంటుంది. కుడివైపు పూర్తిగా తిప్పినప్పుడు ఎడమచెయ్యి దూరం పోయి క్లచ్ లివర్ వేళ్ళకి సరిగ్గా అందకపోవడం ఇంకో చిక్కు. లివర్ బిగింపు వదులు చేసి కాస్త కిందికి తిప్పితే అది తీరింది.

ఇంకోటి చిన్నది, కానీ నేను అందరితోనూ చేయిస్తాను. సైడ్ స్టాండ్ ఎడమవైపు ఉంటుంది కాబట్టి మనం బండి ఎక్కేది, దిగేది, తోసేది, పార్క్ చేసేది అంతా ఎడమవైపు నుంచే. బండి ఎడమకి ఒరిగితే ఎంత బరువుంటుందో మన తుంటికి బాగా తెలుసు. కుడికి ఒరిగితే ఏమవుతుందో తెలియదు. అతన్ని బండికి కుడిపక్కన నిలబడి చెరువు చుట్టూ తోసుకురమ్మన్నాను. రెండుసార్లు బండి చెయ్యి జారబోయింది, పక్కనే ఉండి పట్టుకున్నాను. మూడో వారానికి ఆ బరువు అతని ఒంటికి పరిచయమైంది.

రెండువైపులా సమానంగా తిరగమని చెప్పలేదు. ఈ విషయంలో నాతో ఏకీభవించని శిక్షకులు ఉన్నారు. నా అనుభవంలో, బాగా వచ్చిన వైపు ఎక్కువ తిరిగితే రైడర్ సంతోషంగా ఇంటికి పోతాడు, తేడా మాత్రం అలాగే ఉంటుంది. కుడివైపు రెండు, ఎడమవైపు ఒకటి. ఆ ఎడమ రౌండ్ కూడా సేద తీరడానికి కాదు. "ఇప్పుడు నీ బయటి కాలు ఏం చేస్తోందో గమనించు, అదే అటువైపు చెయ్యి" అని చెప్పి పంపేవాణ్ణి. అతనికి మంచి గురువు అతని కుడికాలే.

లెక్క ఒకే వరసలో తగ్గలేదు. ఆరు నుంచి నాలుగుకి వచ్చింది. అయిదో వారం వాన పడి మొరం కింద జిగట తేలింది, ఏడుకి పోయింది, పాత భంగిమ మొత్తం తిరిగొచ్చేసింది. భయం వేస్తే ఒళ్ళు పాత దారే పడుతుంది. ఆ రోజు వీడియో చూపించాను, ఏమీ అనలేదు. తనే గ్లవ్ తీసుకుని వెళ్ళాడు. ఎనిమిదో వారం రెండు. పదకొండో వారం కుడివైపు పది రౌండ్లలో ఒక్కసారి కాలు ఆనింది, అదీ చివరి రౌండ్‌లో, అలసిపోయి. ఆ రోజే ఎడమవైపు కూడా ఒకసారి ఆనింది, అది చూసి ఇద్దరం నవ్వుకున్నాం. ఫుట్‌రెస్ట్ మీద ఎడమకాలు ఇప్పుడు పాతిక సెకన్లు నిలుస్తోంది. తొడ కొలతలో తేడా రెండు నుంచి ఒక సెంటీమీటరుకి వచ్చింది, ఫిజియో ఇంకా మూడు నెలలు ఆపొద్దన్నారు.

కిందికి దిగే కుడి మలుపు ఇంకా రాలేదు. గట్టు మీంచి చెరువులోకి దిగే బాటలో చివర ఒక హెయిర్‌పిన్ ఉంది, అంటే దాదాపు వెనక్కి తిరిగే మలుపు, అదీ కుడికే. వాలులో ఒళ్ళు ఎలాగూ ముందుకి, చేతుల మీదికి జారుతుంది. వెనక బ్రేక్ కావాల్సింది కూడా సరిగ్గా అక్కడే, కాలు తీసేది కూడా అక్కడే. ఇక్కడ నా మొదటి అంచనా తప్పు కాదు. కాలు తీయకుండా, నిలబడి, వెనక బ్రేక్ మీద పాదం ఉంచే తిరగమని నేర్పుతున్నాను. బ్రేక్ వేస్తే చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ అతని ఎక్స్‌పల్స్‌కి ముందు చక్రానికే ఉంది కాబట్టి వెనక చక్రాన్ని కావాలంటే కాస్త జార్చి తిప్పుకోవచ్చు. పోయిన ఆదివారం పది దిగుళ్ళలో నాలుగు శుభ్రంగా వచ్చాయి. స్పితికి ఇంకా అయిదు నెలలుంది.